టెక్ సందేహాలు: వీణకు చిల్లు పెట్టకుండా పికప్

ప్రశ్న: మా అమ్మగారు వాయించిన బొబ్బిలి వీణ మీద ఇప్పుడు మా అమ్మాయి నేర్చుకుంటోంది. వచ్చే నెల అన్నమాచార్య కళామందిరంలో చిన్న కచేరీ ఉంది. పోయినసారి మైకు పెడితే మృదంగమే వినిపించింది, వీణ వినిపించలేదు. అందుకని వాయిద్యానికి అతికించి దాని కంపనాన్ని పట్టే బిళ్ల, అంటే పికప్ ఒకటి కొన్నాం. దాన్ని నేరుగా సౌండ్ మిక్సరుకు తగిలిస్తే రేకుడబ్బా మీద వాయించినట్టు ఉంది. వీణకు చిల్లు పెట్టి లోపల పికప్ బిగిస్తే బాగుంటుందని ఒకరు చెప్పారు. పెట్టించమంటారా? – ఒక తల్లి, కె.టి. రోడ్డు, తిరుపతి

జవాబు: వద్దమ్మా. మీది ఏకాండి వీణ అయితే కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచి ఉంటారు. అలాంటి కొయ్యకు పెట్టిన చిల్లు మళ్లీ పూడదు. పైగా మీరు కొన్న పికప్‌లో లోపమేమీ లేదు. దాన్ని నేరుగా మిక్సరుకు తగిలించడమే సరికాదు.

ఆ బిళ్లలో పల్చటి ఇత్తడి రేకు మీద పింగాణీ లాంటి పదార్థం పూత ఉంటుంది. కొయ్య కంపించి బిళ్ల ఏ కాస్త వంగినా అందులో విద్యుత్తు పుడుతుంది. క్యూరీ సోదరులు 1880లో గుర్తించిన పీజో ధర్మం ఇదే. ఎలక్ట్రిక్ గిటారులోని అయస్కాంత పికప్ ఉక్కు తీగనే పసిగడుతుంది. ఇది కొయ్యనే వింటుంది కాబట్టి ఇత్తడి, రాగి చుట్టిన మంద్ర, అనుమంద్ర అనే కింది స్థాయి తీగలకూ పనికొస్తుంది.

చిక్కేమిటంటే, అందులో పుట్టే విద్యుత్తు చాలా బలహీనం. మిక్సరులోని మామూలు లైన్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 10 కిలో ఓములు. ఇలాంటి బిళ్ల కెపాసిటెన్స్ (విద్యుత్తును నిలవ ఉంచుకునే గుణం) సుమారు 20 నానోఫారడ్లు అనుకుంటే, ఆ రెండూ కలిసినప్పుడు 800 హెర్ట్జ్ కంటే కింది ధ్వని క్రమంగా తరిగిపోతుంది. శ్రుతిని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, ప్రధాన తీగ అయిన సారణి షడ్జం 160 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, అనుమంద్రం 60 దగ్గరికి దిగుతుంది. అంటే స్వరం ఒంట్లోని బలమంతా మిక్సరు గడప దగ్గరే ఆగిపోయి, తీగ మీటిన చప్పుడూ పై పలుకులూ మాత్రమే లోపలికి వెళ్తున్నాయి. మీరు విన్న రేకుడబ్బా అదే. అదే బిళ్లను 1 మెగా ఓము ఇన్‌పుట్‌కు తగిలిస్తే తరుగుదల 8 హెర్ట్జ్ దాకా ఉండదు, మన చెవి వినేదంతా నిలుస్తుంది.

కాబట్టి పికప్‌కూ మిక్సరుకూ మధ్య బలహీనమైన ధ్వనిని పెంచే చిన్న ప్రీఆంప్ గానీ, వాయిద్యాన్ని మిక్సరుకు పొసిగేలా కలిపే, విద్యుత్తుతో నడిచే పెట్టె (యాక్టివ్ డీఐ బాక్స్) గానీ పెట్టండి. కొనేటప్పుడు ఇన్‌పుట్ 1 మెగా ఓము లేదా అంతకన్నా ఎక్కువ ఉందా అని ఒక్కటి తప్పకుండా చూడండి. విద్యుత్తు అక్కర్లేని చవక డీఐ బాక్సులు చాలావాటిలో అంత ఉండదు. పికప్ నుంచి ప్రీఆంప్ దాకా వైరు వీలైనంత పొట్టిగా ఉండాలి. పొడవైన వైరు గుయ్‌మనే కరెంటు హోరును లోపలికి లాగుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో నడిచేదైతే కచేరీ రోజున కొత్త బ్యాటరీ వేయండి.

ఇక ఎక్కడ అతికించాలన్నది వీణ వీణకూ మారుతుంది. కుండ మీది పలకపై, గుర్రానికి (తీగలు ఆనే బ్రిడ్జికి) రెండు వేళ్ల దూరంలో మొదలుపెట్టండి. గుర్రానికి మరీ దగ్గరైతే మీటు చప్పుడు కరుకుగా వస్తుంది, అంచుకు జరిగితే ధ్వని మందగిస్తుంది. అమ్మాయి సారణి మీద ఒక్క గమకాన్నే పదిసార్లు వాయిస్తుంటే, మీరు హెడ్‌ఫోన్ పెట్టుకుని బిళ్లను అర అంగుళం చొప్పున జరుపుతూ వినండి. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ తర్వాత చోటు మార్చాల్సిన పని ఉండదు.

అతికించడంలో జాగ్రత్త మరీ ముఖ్యం. ఎడమ చేతి వేళ్లకు రాసుకునే నూనె పలక మీదికి కూడా చేరుతుంది, దాని మీద ఏ బంకా నిలవదు. ముందు పొడి నూలుగుడ్డతో తుడవండి. గోడకు పోస్టర్లు అంటించే మెత్తటి బంక ముద్ద శనగ గింజంత తీసుకుని, పల్చగా పరిచి అదమండి. మందంగా ఉంటే అదే ధ్వనిని మింగేస్తుంది. పాలిష్ మీద మరక పడుతుందేమో ముందుగా కంటికి కనిపించని చోట చూసుకోండి.

స్పాంజి లాంటి రెండు వైపుల టేపు మాత్రం వద్దు. మా ఇంటి వీణ మీద నేను దాన్ని రెండు నెలలు వదిలేశాను. లాగితే లక్క పాలిష్ పొరలా లేచి రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ మిగిలింది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. కచేరీ కాగానే బిళ్ల కిందికి గట్టి నూలు దారం పోనిచ్చి, అటూ ఇటూ రంపంలా లాగి తీసేయండి. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేయమని ఎవరైనా చెబితే వినకండి. మెట్లను నిలబెట్టేది మైనం. అది మెత్తబడి మెట్టు వెంట్రుక వాసి కదిలినా స్వరస్థానం చెదురుతుంది. మే నెలలో మన తిరుపతి ఎండకు వీణను కారులో వదిలి వెళ్లినా అంతే.

హాల్లో అతికించేటప్పుడు, తీసేటప్పుడు ఆ చానెల్ మూసి ఉంచమని సౌండ్ వాళ్లకు చెప్పండి. లేకపోతే స్పీకర్లు పెళ్లుమంటాయి. వాయిస్తుంటే కూత మొదలైతే, అమ్మాయి ముందున్న మానిటర్ స్పీకర్‌ను కొంచెం పక్కకు తిప్పించండి.

ప్రశ్న: వయొలిన్ నేర్చుకుంటున్నాను. అతికించే పికప్‌ను ఫోనుకు నేరుగా పెట్టి రికార్డు చేయవచ్చా? – విద్యార్థి, చిత్తూరు

జవాబు: బాగా రాదు. ఫోను హెడ్‌సెట్ రంధ్రం చిన్న మైకు కోసం ఉద్దేశించింది. పైన చెప్పిన చిక్కే అక్కడా ఎదురవుతుంది. వాయిద్యాన్ని ఫోనుకు కలిపే పెట్టె, అంటే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. అయినా ఇంట్లో సాధన రికార్డు చేసుకోవడానికి పికప్ కన్నా మైకే మేలని నా గట్టి అభిప్రాయం. వయొలిన్ కొయ్య చుట్టూ గాలిలో కలిసే నాదాన్ని పికప్ వినలేదు. పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో ఫోనును మూడడుగుల దూరంలో పెట్టి వాయించి చూడండి. వేదిక కోసం పికప్ వాడితే బ్రిడ్జి మీద మాత్రం అతికించకండి. ఆ బరువుకే ధ్వని మూగబోతుంది. బ్రిడ్జి పక్కన పలక మీద, కమానుకు రాసే రోజిన్ పొడి తుడిచాక పెట్టండి.

ప్రశ్న: భజనలో తంబూరకు బ్లూటూత్ పికప్ పెట్టవచ్చా? – శ్రీకాళహస్తి

జవాబు: మామూలు బ్లూటూత్‌లో ధ్వని 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. తాళాలు ఒకచోట, తంబూర మరోచోట పడతాయి. వైరు వద్దనుకుంటే, వాయిద్యాల కోసమే చేసిన 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ జత కొనండి. అందులో ఆలస్యం చెవికి తెలియదు.