1800ల నాటి అమెరికన్ పూర్వీకుల వివరాలు ఎలా కనుక్కోవాలి? ఆన్‌లైన్ ఫ్యామిలీ ట్రీలు నమ్మొచ్చా?

ట్రీలు మాత్రం నమ్మకండి. నేను నమ్మి రెండేళ్ళు పోగొట్టుకున్నా. మావారు అమెరికన్, వాళ్ళది ఒహాయో. మా అత్తగారికి 78 ఏళ్ళు, ఆవిడ తాతగారి అమ్మ ఎవరింటి పిల్లో తెలుసుకోవాలని ఆవిడకి ఎప్పట్నించో కోరిక. నెట్‌లో ఏ ట్రీ చూసినా ఆ ముసలావిడ పుట్టింటి ఇంటిపేరు ఒకటే ఉంది, ఇంతమంది రాశారు కదా అని నేనూ అదే ఎక్కించేశా. తీరా చూస్తే పక్క కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఆవిడ భర్త పేరుతోనే ఇంకొకాయన ఉన్నాడు, వీళ్ళంతా రాసింది ఆయన భార్య పేరు! ఒకళ్ళు తప్పు రాశారు, మిగతావాళ్ళు దించేసుకున్నారు, ఒక్కళ్ళు కూడా అసలు కాగితం చూళ్ళేదు. పోయినవాళ్ళు వచ్చి అడగరు కదా అని ఎవరి భార్యని ఎవరికో అంటగట్టేస్తే ఎలాగండీ, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సెన్సస్‌తో మొదలుపెట్టమని అందరూ చెప్తారు, నిజమే, ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. కానీ 1850కి ముందు ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవాళ్ళు, మిగతావాళ్ళు వట్టి అంకెలు. 1850 నుంచి ఇంట్లో అందరి పేర్లూ ఉంటాయి, బానిసలుగా ఉన్నవాళ్ళవి తప్ప. వాళ్ళలో చాలామంది పేర్లు సెన్సస్‌లోకి వచ్చిందే 1870లో, అది తల్చుకుంటే బాధేస్తుంది. ఇక 1890ది 1921లో వాషింగ్టన్‌లో మంటలు అంటుకుని పాడైపోయింది, చివరికి దాదాపు ఏమీ మిగల్లేదు. మాకు కావాల్సింది సరిగ్గా అక్కడే, ఎందుకంటే 1880లో భర్త ఉన్నాడు, 1900లో లేడు.

అయితే 1890లోనే సివిల్ వార్‌లో, అంటే అమెరికా అంతర్యుద్ధంలో, ఉత్తరాది వైపు పోరాడినవాళ్ళనీ, వాళ్ళ విధవలనీ విడిగా లెక్క రాశారు, అందులో ఒహాయోది మిగిలింది. ఈవిడ పేరు పక్కన ఫలానా ఆయన విధవ అని కనిపించగానే నాకు లైటు వెలిగింది, అయితే పెన్షన్ కోసం అర్జీ పెట్టే ఉంటుంది! నెలకి 8 డాలర్ల పెన్షన్ రావాలంటే ఆయన్ని నేనే పెళ్ళి చేసుకున్నానని ఆవిడ రుజువు చేసుకోవాలి కదా. ఆ ఫైళ్ళు అమెరికా ప్రభుత్వం పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, నేను తెప్పించుకున్నప్పుడు 80 డాలర్లు అయింది.

అరవై పైన పేజీలొచ్చాయి. వంటింటి టేబుల్ మీద పరిచి నేనూ అత్తగారూ ఒక్కో కాగితం చదివాం. పెళ్ళి నమోదైన రిజిస్టరు కాలిపోయిందట, అందుకని సాక్షుల చేత చెప్పించారు. ఒక కాగితంలో ఎవరో రైతు, ఈవిడ మా అక్క, 1866లో ఆ పెళ్ళికి నేనున్నాను అని చెప్పి కింద సంతకం పెట్టాడు. ఆయన ఇంటిపేరే ఈవిడ పుట్టింటి పేరు! ట్రీలలో ఉన్నదానికీ దీనికీ సంబంధమే లేదు. ఆవిడకి సంతకం రాదు, ఇంటూ మార్కు పెట్టింది, దాని చుట్టూ గుమాస్తా ఆవిడ పేరూ, ఇది ఆమె గుర్తు అనీ రాశాడు. మొదటి గీత లావుగా ఉంది, రెండోది సన్నగా వణికింది, రెండూ కలిసేచోట ఇంకు ముద్దయింది. మా అత్తగారు దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

ఆ పేరు పట్టుకుని వెతికితే 1850 పెన్సిల్వేనియా సెన్సస్‌లో దొరికింది, నాలుగేళ్ళ పిల్ల, అమ్మానాన్నలతో.

అన్నట్టు మా మామగారి వైపు వాళ్ళు ఎల్లిస్ ఐలాండ్‌లో మా ఇంటిపేరు మార్చేశారని చెప్పుకుంటారు. అది న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసిన చోటు, తెరిచిందే 1892లో, వీళ్ళు 1860కే ఒహాయోలో సేద్యం చేస్తున్నారు. ఇంట్లో చెప్పే కథలు కూడా కాగితంతో సరిచూసుకోండి. ముఖ్యంగా ఆడవాళ్ళ కోసమైతే విధవ పెన్షన్ ఫైలే వెతకండి, నా లెక్కలో దాన్ని మించింది లేదు.

ఇదంతా అయ్యాక మా నాన్నగారి దగ్గరున్న మా వంశవృక్షం తీసి చూశా. ఏడు తరాల మగవాళ్ళున్నారు, ఒక్క ఆడమనిషి పేరు లేదు. అమ్మకి ఫోన్ చేసి మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటే అంటే, ఏమోనే, అందరూ ముసలమ్మ అనేవాళ్ళు, అసలు పేరు నేనెప్పుడూ వినలేదు అంది.