క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడారని నోటీసు వచ్చింది. అన్నీ తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేమిద్దరం ఆర్కిటెక్టులం. బెంగళూరు జయనగర్‌లో పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌గా చిన్న ఆఫీసు నడుపుతున్నాం. ఐదు సిస్టమ్‌లు ఉన్నాయి. డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒక్కదానికే కొన్నాం. మిగతా నాలుగింటిలో సిస్టమ్‌లు అసెంబుల్ చేసిన అతనే వేసిచ్చాడు. పోయిన వారం ఆ విదేశీ కంపెనీ లాయర్ల నుంచి మెయిల్ వచ్చింది. నాలుగు లైసెన్సులు కొనాలట, మూడేళ్ల పాత వాడకానికీ డబ్బు కట్టాలట. వారంలో తేల్చకపోతే క్రిమినల్ కేసు అంటున్నారు. అంతంత ధరలు పెట్టడం అన్యాయం కాదా? అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకుంటే కుదరదా? వాళ్లు మా ఆఫీసుకు వచ్చి వెతకగలరా?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. దేన్నీ చెరపకండి. ఫార్మాట్ చేయించకండి, హార్డ్ డిస్కులు మార్పించకండి. నోటీసు అందాక కోర్టుకు సాక్ష్యమయ్యే ఎలక్ట్రానిక్ రికార్డును ధ్వంసం చేస్తే అది భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద విడిగా మరో నేరం. దానికి మూడేళ్ల దాకా జైలు. పైగా చెరిపినా ఉపయోగం ఉండదు. ఇంటర్నెట్ ఉన్న సిస్టమ్‌లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు కంప్యూటర్ పేరు, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య), ఐపీ అడ్రస్, వెర్షన్, వాడిన తేదీలు కంపెనీ సర్వర్‌కు చేరేలా చాలా కంపెనీలు ఏర్పాటు చేసుకుంటాయి. నోటీసు వచ్చిన మర్నాడే విండోస్ కొత్తగా వేసినట్టు తేదీ కనబడితే, ఆ తేదీయే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

వాడకం మాత్రం ఈరోజే ఆపేయండి. డ్రాయింగులు మీవే కాబట్టి వాటిని వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ నాలుగు సిస్టమ్‌లనూ పక్కన పెట్టండి. ఒక్కో సిస్టమ్ ఎప్పుడు కొన్నారు, బిల్లులో ఏం రాసి ఉంది, ఎవరు వాడారు, ఏ వెర్షన్ ఉంది అన్నది కాగితం మీద పెట్టుకోండి.

ఇక ధర సంగతి. మీ బాధలో న్యాయం ఉంది. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ లాంటి కంపెనీ 2016 నుంచి శాశ్వత లైసెన్సుల అమ్మకం మానేసి ఏటేటా కట్టే పద్ధతికి మారింది. మిగతా పెద్ద కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. 30×40 సైటులో ఇల్లు గీసి బతికే ఆఫీసుకు ఫీజు పెరగదు, ఈ ఖర్చు మాత్రం ఏటా వచ్చి కూర్చుంటుంది. అయినా కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒక సాహిత్య రచనతో సమానం. ఎంతకు అమ్మాలో హక్కుదారు ఇష్టం. మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థ అన్యాయమైన ధర పెడితే కాంపిటీషన్ చట్టం 4వ సెక్షన్ కింద కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ అది వేరే దారి. కాపీరైట్ కేసులో అది డిఫెన్సుగా నిలవదు.

అంతకంటే ముఖ్యం, ఆ మాట మీ జవాబులో రాయకూడదు. కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద నేరం రుజువు కావాలంటే దొంగ కాపీ అని ‘తెలిసి’ వాడినట్టు చూపాలి. ‘ధర భరించలేక వాడాం’ అని రాశారంటే తెలిసే వాడినట్టు మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు. ‘సిస్టమ్ ఇచ్చినతను వేశాడు, మాకు తెలియదు’ అన్న వాదన కూడా మీ విషయంలో బలహీనమే. ఐదో దానికి డబ్బు పెట్టి కొన్నవాళ్లకు మిగతా నాలుగూ ఉచితంగా రావని తెలియదా అని అవతలి లాయరు మొదటి ప్రశ్నే వేస్తారు. అందుకే సొంతంగా మెయిల్ కొట్టకండి, ఫోన్‌లో వివరణలు ఇవ్వకండి.

శిక్ష సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. 63బీ కింద కనిష్ఠం ఏడు రోజులు, గరిష్ఠం మూడేళ్ల జైలు, దాంతోపాటు రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు వ్యాపారం కోసం వాడనివారికే. మీకు వర్తించదు. అదే చట్టంలో కాపీరైట్ ఉల్లంఘనకు శిక్ష చెప్పే 63వ సెక్షన్ నేరం కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది. 63బీలోనూ గరిష్ఠ శిక్ష మూడేళ్లే కనుక అదే తర్కం దీనికీ పట్టిస్తారు. 69వ సెక్షన్ ప్రకారం పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కూడా ‘కంపెనీ’ కిందికే వస్తుంది, అంటే మీ ఇద్దరి పేర్లూ ఫిర్యాదులో ఉండొచ్చు. అలాగని రేపే అరెస్టు చేస్తారని భయపడనక్కర్లేదు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరం లేకపోతే పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద హాజరు నోటీసు ఇవ్వాలి. ముందస్తు బెయిలు దారి కూడా ఉంది.

వెతకడానికి రాగలరా అన్నారు. రాగలరు. ఎక్కువగా సివిల్ కోర్టు ద్వారా వస్తారు. వాడకం ఆపించమంటూ కంపెనీ ఇంజంక్షన్ దావా వేసి, మీకు చెప్పకుండానే మీ ఆఫీసు తనిఖీకి లోకల్ కమిషనర్‌ను నియమించమని అడుగుతుంది. ముందే తెలిస్తే సాక్ష్యం మాయమవుతుంది కాబట్టి ఇలా అడగడం మామూలేనని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2008లో ఆటోడెస్క్ కేసులో చెప్పింది. సమాచారం మీద అనుమానం ఉంటే ముందు కంపెనీ చేతే డబ్బు డిపాజిట్ చేయించవచ్చనీ, ఏమీ దొరక్కపోతే అందులోంచి అవతలివాళ్లకు పరిహారం ఇవ్వవచ్చనీ అదే తీర్పులో ఉంది.

కమిషనర్ కోర్టు నియమించిన లాయరు. వెంట కంపెనీ టెక్నీషియన్ ఉంటారు, ఒక్కోసారి పోలీసులూ ఉంటారు. తలుపు వేసుకోకండి, అడ్డుకుంటే కోర్టు ధిక్కారం అవుతుంది. ఆర్డర్ కాపీ అడిగి తీసుకుని, అందులో మీ ఫర్మ్ పేరు, అడ్రసు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఏ సాఫ్ట్‌వేర్ వెతకమని ఉందో అంతవరకే చూపించండి. క్లయింట్ల ఫైళ్లు తెరుస్తుంటే మర్యాదగానే అభ్యంతరం చెప్పి, ఆ మాటను కమిషనర్ రిపోర్టులో రాయించాకే సంతకం పెట్టండి. సీలు వేసిన సిస్టమ్‌లను చాలాసార్లు హామీ పత్రం రాయించుకుని మీ దగ్గరే ఉంచుతారు. డెలివరీ గడువు దగ్గర పడ్డ ప్రాజెక్టు ఉంటే ఆ ముక్క అప్పుడే చెప్పండి.

దావా ఢిల్లీలో వేస్తే అక్కడి కోర్టుకు విచారణాధికారం ఉందా అని కూడా చూడాలి. హక్కుదారు తన ఆఫీసు ఉన్నచోట కేసు వేసే వెసులుబాటుకు సుప్రీంకోర్టు 2015లో ఐపీఆర్‌ఎస్ (పాటల హక్కుల సంఘం) కేసులో హద్దులు పెట్టింది. బెంగళూరులోనైతే దావా సిటీ సివిల్ కోర్టు పరిధిలోని కమర్షియల్ కోర్టుకు వెళుతుంది.

ఇప్పుడు జవాబు. ముందు ఆ మెయిల్ నిజమైనదో కాదో తేల్చుకోండి, ఈ పేరుతో మోసాలూ ఉన్నాయి. మెయిల్‌లో ఉన్న లింకు నొక్కకుండా కంపెనీ అధికారిక వెబ్‌సైటులోని నంబరుకు ఫోన్ చేసి అడగండి. వాళ్లిచ్చిన వారం గడువు చట్టంలో లేదు. అయినా గడువులోపే మీ లాయరు ద్వారా చిన్న ఉత్తరం వెళ్లాలి. అందులో రాయాల్సింది ఇదీ: ‘కంపెనీ మీకు ఇచ్చిన అధికార పత్రం, ఏ సిస్టమ్‌లో ఏ తేదీన వాడకం కనబడిందో ఆ జాబితా మాకు ఇవ్వండి, లోపల పరిశీలించుకోవడానికి 30 రోజులు కావాలి, మా హక్కులకు భంగం లేకుండా ఇది రాస్తున్నాం’, అంతే. ఏ సిస్టమ్‌లో ఏమున్నాయో మీరే రాసిచ్చే ‘సెల్ఫ్ ఆడిట్’ ఫారం నింపి పంపమంటే లాయరు చూడకుండా పంపకండి.

ఇలాంటివి చాలావరకు రాజీతోనే ముగుస్తాయి, మీరూ ఆ దారికే సిద్ధపడడం మంచిది. బేరానికి చోటుంది. నష్టపరిహారం దావాకు ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లే కాలపరిమితి, అంతకు ముందుది అడిగితే ఒప్పుకోకండి. లైసెన్సు మనిషికి ఇచ్చే పద్ధతైతే నాలుగు సిస్టమ్‌లకు నాలుగు అనడం కుదరదు, ఎంతమంది వాడుతున్నారో లెక్క తీయండి. రాజీ పత్రంలో ఫర్మ్‌తోపాటు పార్ట్‌నర్లిద్దరూ, ఉద్యోగులూ ఉండాలి. అన్ని వెర్షన్ల పాత వాడకానికీ క్లెయిమ్ వదులుకుంటున్నట్టు, క్రిమినల్ ఫిర్యాదు చేయబోమని స్పష్టంగా రాసి ఉండాలి. ఈ వాక్యం లేకుండా కేవలం లైసెన్సులు కొంటే పాత తప్పు మాఫీ కాదు. ఒకవేళ ఈలోపే ఎఫ్‌ఐఆర్ నమోదైతే రాజీతో దానంతటది పోదు. హైకోర్టులో నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద కొట్టివేత పిటిషన్ వేయాలి.

సంతకం పెట్టే ముందు అసలు ఎన్ని కావాలో చూసుకోండి. ప్లాన్లు, సెక్షన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌కు ఖరీదైన త్రీడీ ప్యాకేజీ అక్కర్లేదు. టూడీకే పరిమితమైన చిన్న ఎడిషన్లు ఉన్నాయి. డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగు) ఫైళ్లు తెరిచే వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్లలో బ్రిక్స్‌క్యాడ్ లాంటివి ఒకేసారి కట్టే లైసెన్సు కూడా అమ్ముతాయి. ఫ్రీక్యాడ్, బ్లెండర్ వ్యాపారానికి వాడినా ఉచితమే. లిబ్రెక్యాడ్ కూడా ఉచితమే కానీ డీఎక్స్‌ఎఫ్ అనే వేరే ఫార్మాట్‌లోనే సేవ్ చేస్తుంది కనుక స్ట్రక్చరల్ కన్సల్టెంటుతో ఫైళ్లు మార్చుకునేటప్పుడు ఇబ్బంది పెడుతుంది. ఏది కొన్నా ముందు ట్రయల్‌లో మీ పెద్ద ప్రాజెక్టు ఫైలే తెరిచి చూడండి. ఎక్స్‌రెఫ్‌లు (జతచేసిన వేరే డ్రాయింగులు), డైనమిక్ బ్లాకులు (సైజు మార్చుకోగల రెడీమేడ్ బొమ్మలు), సీటీబీ (ప్రింటు సెట్టింగుల ఫైలు) ప్రకారం ప్లాట్ అయ్యే గీతల మందం, ఈ మూడింటి దగ్గరే తేడాలు బయటపడతాయి. ప్లాన్ అప్రూవల్ పోర్టల్‌లో ఒక ఫైలు అప్‌లోడ్ చేసి కూడా పరీక్షించండి.

ఇంటర్న్‌లు తెచ్చుకునే స్టూడెంట్ వెర్షన్‌తో క్లయింటు పని చేయించడం లైసెన్సు ఉల్లంఘనే, ల్యాప్‌టాప్ వాళ్లదైనా సరే. స్కెచప్ ఉచిత వెబ్ వెర్షన్ కూడా వ్యాపార పనికి కాదు. ఒకే లాగిన్ ఇద్దరు పంచుకోవడమూ తప్పే.

కొనేటప్పుడు బిల్లు ఫర్మ్ పేరుతో, ఫర్మ్ మెయిల్ ఐడీతో ఉండాలి. ఉద్యోగి సొంత మెయిల్ మీద తీసుకుంటే అతను మానేసిన రోజు లైసెన్సూ అతనితో పోతుంది. జీఎస్‌టీ 18 శాతం పడుతుంది, మీకు రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, కాబట్టి బిల్లులో మీ జీఎస్‌టీ నంబరు వేయించండి. కార్డు మీద ఆటో రెన్యువల్ పెట్టుకుంటే, రూ.15 వేలు దాటిన మొత్తానికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ కావాలి. అది ఇవ్వకపోతే డబ్బు కట్ కాదు, లైసెన్సు ఆగిపోతుంది, డ్రాఫ్ట్స్‌మన్ మళ్లీ క్రాక్ వెతుక్కుంటాడు. ఆ తేదీని ఆఫీసు క్యాలెండర్లో నెల ముందే రాసి పెట్టుకోండి.