ఐసు ట్యాంకు కొనేముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. పాల కేంద్రానికి 5 టన్నుల చిల్లింగ్ యూనిట్ మాట్లాడావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. నువ్వు అడ్వాన్స్ కట్టకముందే ఈ ఉత్తరం చేరాలని రాత్రే కూర్చుని రాస్తున్నాను. పలమనేరు వైపు చిల్లింగ్ సెంటర్లలో 28 ఏళ్లు పనిచేశాను, నా మాట కాస్త విను.

నీకు పూటకి వెయ్యి లీటర్లు వస్తాయి. 35 డిగ్రీల దగ్గర వచ్చిన పాలను రెండు గంటల్లో 4 డిగ్రీలకు దించాలంటే నిజంగానే 5 టన్నులు కావాలి. పాలు పోసే వేళ దాటితే మాత్రం అంత పెద్ద యంత్రానికి పనే ఉండదు. దాని బదులు ఐస్ బ్యాంక్ ట్యాంకు పెట్టుకో. నీళ్ల తొట్టిలో ఉన్న గొట్టాల చుట్టూ రాత్రంతా నిదానంగా ఐసు కడుతుంది. పొద్దున పాలు రాగానే ఆ నీళ్లను ప్లేట్ చిల్లర్‌కి (పలచటి రేకుల మధ్య ఒక పక్క పాలు, ఇంకో పక్క చల్లనీళ్లు పారే యంత్రం) తిప్పితే పాలలోని వేడినంతా ఐసు లాగేసుకుంటుంది. కిలో ఐసు కరిగితే 334 కిలోజౌళ్ల వేడి పోతుంది. నీ వెయ్యి లీటర్లకి సుమారు 380 కిలోల ఐసు కరగాలి. 8 గంటల్లో అంత ఐసు కట్టడానికి, ఐసు కట్టే చలి దగ్గర 2 టన్నులు ఇచ్చే కంప్రెసర్ చాలు. (టన్ను అనే లెక్క పుట్టిందే ఐసు నుంచి. ఒక టన్ను ఐసు రోజంతా కరిగితే ఎంత చల్లదనమో, అంత.)

ఒకటి మాత్రం దాచను. ఐసు కట్టాలంటే గొట్టంలో తిరిగే చల్లబరిచే గ్యాసు మైనస్ 8, మైనస్ 10 డిగ్రీల దాకా దిగాలి. పాలను నేరుగా చల్లబరచడం కన్నా కంప్రెసర్‌కి అది ఎక్కువ కష్టం. రాత్రి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి గ్యాసులోని వేడిని బయటికి పంపే కండెన్సర్ దాన్ని తేలిగ్గా వదిలేసి ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది. మిగతాదంతా ఐసు మందంలో ఉంది. మందం పెరిగేకొద్దీ ఐసే గొట్టానికి దుప్పటి అవుతుంది. గ్యాసు ఒక్కో డిగ్రీ కిందికి దిగినప్పుడల్లా కరెంటు 2 నుంచి 4 శాతం దాకా ఎక్కువ కాలుతుంది.

ఒక వేసవిలో మా ట్యాంకులో ఐసు మందం చూసి కంప్రెసర్‌ని ఆపే కంట్రోలర్ పాడైంది. మేం చూసుకోలేదు. పొద్దున మూత తీస్తే తొట్టి నిండా తెల్లగా ఐసు, చూసి సంతోషించాం కూడా. తీరా పాలు పోస్తే 14 డిగ్రీల దగ్గర ఆగిపోయాయి, ఎంతకీ దిగవు. గొట్టానికీ గొట్టానికీ మధ్య ఐసు అతుక్కుపోయి నీళ్లు పారే దారే లేదు. నీళ్లు కదిలేలా అడుగు నుంచి గాలి కొట్టినా బుడగ పైకి రాలేదు. సాయంత్రానికి ట్యాంకర్ పాలన్నీ విరిగాయి. ఆ రైతుల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

అందుకే వారానికి ఒకసారి ఐసు మొత్తం కరగనిచ్చి గొట్టాలు కంటితో చూడు. మూతకీ గోడలకీ పఫ్ (చలి బయటికి పోకుండా ఆపే నురుగు పొర) మందంగా వేయించు, అక్కడ పిసినారితనం వద్దు. ఐసు సిద్ధంగా ఉంటే కరెంటు పోయినా టెన్షన్ పడక్కర్లేదు, పంపులు తిరిగేంత చిన్న జనరేటర్ చాలు. మీ ఊరి పీహెచ్‌సీలో టీకాలుంచే ఐఎల్‌ఆర్ (గోడల్లో ఐసు ఉండే ఫ్రిజ్) పెట్టె కూడా ఇలాంటిదే. రోజుకి 8 గంటలే కరెంటున్నా టీకాలు పాడవకుండా కాపాడేది దాని గోడల్లోని ఐసే.

రేపు కంపెనీవాళ్లని గొట్టాల మధ్య ఖాళీ ఎంతో అడుగు. రెండు పక్కలా 35 మిల్లీమీటర్ల ఐసు కట్టాక కూడా మధ్యలో వేలు దూరేంత సందు మిగలాలి. కొలత తెలియగానే ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

నీ మామయ్య