బొడ్డుతాడు రక్తం: మిర్యాలగూడ తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, పెద్దపాపకు తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు), ఇంట్లో ఎనిమిదో నెల, బొడ్డుతాడు రక్తం దాచే బ్యాంకు ఏజెంటేమో అప్పు చేసైనా పుట్టే బిడ్డది దాచుకోమంటున్నాడని రాశారు. ముందు టెన్షన్ తగ్గించుకోండి.

జబ్బేమీ లేని కుటుంబమైతే వద్దనే చెప్పేవాణ్ణి. మీది వేరే కేసు. పుట్టే బిడ్డ బొడ్డుతాడు రక్తం జబ్బున్న పాపకు ఎక్కించవచ్చు. 1988లో పారిస్‌లో ఈ మార్పిడి మొదటిసారి చేసినప్పుడు కూడా చెల్లెలి బొడ్డుతాడు రక్తమే అన్నకు ఎక్కించారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కూడా ఇలాంటి ఇళ్లలో దాచడాన్ని ఒప్పుకుంటుంది.

కానీ ఏజెంటు చెప్పనిది ఒకటుంది. పుట్టే బిడ్డ హెచ్‌ఎల్‌ఏ (మార్పిడికి సరిపోతుందో లేదో చెప్పే కణజాల రకం) పాపతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఆ బిడ్డకూ తలసేమియా మేజర్ (తీవ్రమైన రకం) ఉంటే ఆ రక్తం పనికిరాదు. మైనర్ (జబ్బు లక్షణం మోస్తున్నా ఇబ్బంది లేని రకం) అయితే పర్వాలేదు. పైగా మ్యాచ్ అయితే, బిడ్డ కాస్త పెరిగాక ఎముక మజ్జ తీసుకోవచ్చు. అంటే ఇప్పుడు దాచకపోయినా దారి మూసుకుపోదు! అప్పు మాత్రం చేయకండి.

నల్లగొండలో ఊరికే తిరగకుండా, కాన్పుకు ముందే హైదరాబాద్‌లో మజ్జ మార్పిడి చేసే హెమటాలజిస్టును (రక్తవ్యాధుల డాక్టర్ని) కలవండి. మ్యాచ్ అయితే కోల్ ఇండియా తలసేమియా బాల సేవా యోజన కింద 10 లక్షల దాకా సాయం ఉంది, అడగండి.