టాక్టికల్ టార్చ్ ఎలా ఎంచుకోవాలి? ఆన్‌లైన్ రివ్యూలు ఎంతవరకు నమ్మాలి?

బెంగళూరులో కరెంటు పోయిన రాత్రికి, తెల్లవారుజామున దగ్గర్లోని స్కందగిరి కొండ ఎక్కడానికి ఒకే టార్చ్ కావాలంటే 500 ల్యూమెన్లు (టార్చ్ ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత) చాలు. 'టాక్టికల్' అన్న మాట చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. వెనక బటన్, గట్టి అల్యూమినియం బాడీ ఉంటే ఆ పేరు తగిలించేస్తారు.

ముందు బ్యాటరీ చూడండి. ఇలాంటి టార్చ్‌లలో తరచూ వాడే రీచార్జబుల్ 18650 సెల్ అంటే 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు. ఆ సైజులో మంచి సెల్ కూడా మామూలుగా 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతుంది. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక టార్చ్ సెల్ మీద ఏకంగా 9900 అని అచ్చేశారు! టార్చ్ పావుగంటకే మసకబారింది. దాని కింద రివ్యూలన్నీ ఐదు స్టార్లే: 'సూపర్, ఫాస్ట్ డెలివరీ' అని. అవి డెలివరీకి వేసిన మార్కులు, టార్చ్‌కి కాదు.

డబ్బా మీద ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 (టార్చ్‌ల వెలుగు, దూరం, రన్‌టైమ్ కొలిచే ప్రమాణం) గుర్తు ఉంటే కొంత నయం. కానీ అందులో రన్‌టైమ్ అంటే వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా పట్టే సమయం. దూరం లెక్క కూడా అంతే. 200 మీటర్లంటే ఆ చివర పడేది పున్నమి వెన్నెలంత వెలుగే. అక్కడ మనిషిని గుర్తుపట్టడం కష్టం, కాబట్టి నేను సగమే లెక్కేసుకుంటాను.

రివ్యూలో నిమిషాలవారీగా వెలుగు ఎంత తగ్గిందో గ్రాఫ్ ఉంటే చదవండి. టార్చ్ ఎవరు ఇచ్చారో చెప్పకుండా 'కొనండి' అని లింక్ మాత్రం పెడితే దాటేయండి. మూడు స్టార్ల రివ్యూలే ముందు చూడండి, అసలు లోపాలు తరచూ అక్కడే దొరుకుతాయి. వానకి ఐపీఎక్స్4 (అన్ని వైపుల నుంచీ పడే నీటి చిందులను తట్టుకునే రేటింగ్) చాలు.