సీవీటీ కారు కొంటున్నారా? ముందు ఫ్లూయిడ్ సంగతి అడగండి

ఈ మధ్య డాలస్‌లో ఉద్యోగంలో చేరిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇండియా నుంచి భార్య, పాప వస్తున్నారు, కారు కావాలి. ఒక చిన్న ఎస్‌యూవీ చూశాడట. 2018 మోడల్, 71 వేల మైళ్లు తిరిగింది, ధర అందుబాటులో ఉంది. "అన్నా, ఇది సీవీటీ అట. సీవీటీ అయితే ముట్టుకోవద్దని రూమ్మేట్స్ భయపెడుతున్నారు. తీసుకోమంటావా?" అన్నాడు. సీవీటీ అంటే కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్, ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే ఒక రకం ఆటోమేటిక్. అందులో పోసే ప్రత్యేకమైన ఆయిలే సీవీటీ ఫ్లూయిడ్.

నేను వద్దనలేదు. "ఆ 71 వేల మైళ్లలో సీవీటీ ఫ్లూయిడ్ ఒక్కసారైనా మార్చారా? రసీదు ఉందా? ముందు అది అడుగు" అన్నాను.

మనలో చాలామంది క్లచ్ తొక్కుతూ గేర్ల బండి మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లం. సీవీటీలో అలా విడివిడిగా గేర్లుండవు. ఊళ్లో పిండిమర చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మోటారు దగ్గర ఒక పుల్లీ, మర దగ్గర ఒక పుల్లీ, మధ్యలో బెల్టు. సీవీటీలో ఉన్నదీ అదే, కాకపోతే బెల్టు స్టీలుది (కొన్ని కంపెనీలు గొలుసు వాడతాయి), పుల్లీలు వేగాన్ని బట్టి వెడల్పవుతూ, ఇరుకవుతూ ఉంటాయి. అందుకే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఒకే స్థాయిలో మోగుతూ ఉంటుంది, స్పీడు మాత్రం పెరుగుతుంది. కొత్తలో బండి పాడైందేమో అనిపిస్తుంది కానీ అది దాని స్వభావం, టెన్షన్ పడకండి.

పిండిమరలో బెల్టు జారితే కీచుమని చప్పుడు, కాలిన వాసన వచ్చేవి గుర్తుందా? కారులో ఆ జారుడు రాకుండా కాపాడేది ఫ్లూయిడే. లోపలి వేడిని బయటికి తెస్తుంది, పుల్లీలను బిగించే ఒత్తిడిని ఇస్తుంది, స్టీలు మీద స్టీలు అరిగిపోకుండా చూస్తూనే పట్టు కూడా ఇస్తుంది. ఇన్ని పనులున్నాయి కాబట్టే మామూలు ఆటోమేటిక్ బండ్లలో పోసే ఫ్లూయిడ్ ఇందులో పోయకూడదు. హోండాకు హెచ్‌సీఎఫ్-2, ఈమధ్యటి నిస్సాన్‌లకు ఎన్ఎస్-3, టయోటా కరోలా సీవీటీకి సీవీటీఎఫ్ ఎఫ్ఈ. మీ బండికి ఏది కావాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. "అన్ని బండ్లకూ సరిపోతుంది" అనే డబ్బా జోలికి నేను వెళ్లను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా మొదటి సీవీటీ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ప్రతి 5 వేల మైళ్లకు ఆయిల్ మార్పించేవాణ్ని, అద్దం మీద స్టిక్కర్ అతికించేవారు. ఇంజిన్ ఆయిల్ మారిస్తే బండిలో ఆయిళ్లన్నీ మారిపోయినట్టే అనుకున్నాను. ఒక వేసవిలో పిల్లలతో కొలరాడో బయల్దేరాం, వెనక నిండా సామాను, పైన క్యారియర్. న్యూమెక్సికో సరిహద్దు దగ్గర రాటన్ పాస్ ఉంది, 7,834 అడుగుల ఎత్తు. ఆ ఎక్కుడులో ఇంజిన్ అరుస్తోంది, స్పీడు మాత్రం 70 నుంచి 40కి పడిపోయింది. వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి బండే శక్తి తగ్గించేసుకుంది. పక్కకు తీసి అరగంట ఆపాక మళ్లీ మామూలుగా కదిలింది. ఇంటికొచ్చాక ప్రతి సిగ్నల్ దగ్గరా బయల్దేరేటప్పుడు ఒళ్లు జలదరించినట్టు వణకడం మొదలైంది.

మెకానిక్ డ్రెయిన్ ప్లగ్ (ఫ్లూయిడ్ దించడానికి అడుగున ఉండే బిరడా) విప్పి నాకు చూపించాడు. ఫ్లూయిడ్ కాఫీ డికాక్షన్‌లా నల్లగా, మాడు వాసనతో దిగింది. మా బండిలో ఆ ప్లగ్ చివర అయస్కాంతం ఉంది. దానిమీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలు అరుగుదలే. మా ప్లగ్ మీద వేలికి గుచ్చుకునే సన్నటి ఇనుప ముక్కలున్నాయి. అప్పటికి 92 వేల మైళ్లు. 60 వేల మైళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది. ట్రాన్స్‌మిషన్ మార్చడానికి 4,800 డాలర్లు చెప్పారు. ఆ ఏడాది ఇండియా టికెట్లకు దాచుకున్న డబ్బు అందులోకే పోయింది.

అందుకే చెబుతున్నాను, అడగందే అమ్మైనా పెట్టదు. ఆయిల్ చేంజ్ షాపువాళ్లు తమంతట తాము సీవీటీ ఫ్లూయిడ్ మార్చరు. "లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్" అని ఎవరైనా అంటే ఎవరి లైఫ్‌టైమో అడగండి. నేనిప్పుడు 30 నుంచి 40 వేల మైళ్లకోసారి మార్పిస్తున్నాను. టెక్సస్ ఎండ, ఆగి ఆగి సాగే ట్రాఫిక్, కొండ ప్రయాణాలు ఉన్నవాళ్లు మాన్యువల్‌లో కఠిన పరిస్థితులకు రాసిన లెక్కే చూసుకోవాలి. హోండాలో మెయింటెనెన్స్ మైండర్ (ఏ సర్వీసు చేయించాలో డ్యాష్‌బోర్డు మీద గుర్తుచేసేది) కోడ్‌లో 3 కనిపిస్తే ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్చమనే అర్థం. షాపులో "డ్రెయిన్ అండ్ ఫిల్" (పాతది కిందికి దించి కొత్తది పోయడం) అని స్పష్టంగా అడగండి. మెషీన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేస్తామంటే వద్దనండి. కిందటిసారి నాకు 180 డాలర్లయింది. డ్రెయిన్ చేస్తే పాత ఫ్లూయిడ్ కొంతే దిగుతుంది, కాబట్టి చాలాకాలం మార్చని బండికి కొన్ని వేల మైళ్ల తర్వాత ఇంకోసారి చేయించడం మంచిది. చాలా సీవీటీలకు డిప్‌స్టిక్ (ఫ్లూయిడ్ ఎంతుందో ముంచి చూసే కడ్డీ) ఉండదు. ఫ్లూయిడ్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు, బండిని సమంగా నిలిపి లెవెల్ చూడాలి. అనుభవం లేకుండా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సొంతంగా ప్రయత్నించకండి.

డీలర్ దగ్గర చేయించకపోతే వారంటీ పోతుందని కొందరు బెదిరిస్తారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ అనే అమెరికా వారంటీ చట్టం ప్రకారం బయట చేయించినంత మాత్రాన వారంటీ పోదు. సరైన ఫ్లూయిడ్ వాడించి, రసీదులు మాత్రం భద్రంగా దాచుకోండి.

నడిపేటప్పుడు రివర్స్ నుంచి డ్రైవ్‌లోకి మార్చేముందు బండి పూర్తిగా ఆగాలి. మనవాళ్లు పార్కింగ్ లాట్‌లో కదులుతుండగానే మార్చేస్తుంటారు. చక్రాలు మంచులో కూరుకుపోతే యాక్సిలరేటర్ అదే పనిగా తొక్కొద్దు. బండి ఆగిపోయి టో చేయించాల్సి వస్తే ఫ్లాట్‌బెడ్డే (బండిని మొత్తం పైకెక్కించుకునే ట్రక్కు) అడగండి.

అన్ని బండ్లకూ ఈ బాధ లేదు. 2021 నుంచి వచ్చే టయోటా సియన్నాలు హైబ్రిడ్లే. వాటిని ఈ-సీవీటీ అంటారు గానీ, లోపల బెల్టూ పుల్లీలూ ఉండవు, గేర్లూ మోటార్లే. 2020 నుంచి వచ్చే హోండా ఒడిస్సీలో ఉన్నది 10 గేర్ల ఆటోమేటిక్. హైబ్రిడ్ కాని హోండా సీఆర్-వీ, నిస్సాన్ రోగ్, టయోటా కరోలా లాంటివి చూస్తున్నవాళ్లకే నేను పైన చెప్పిందంతా.

ఆ తమ్ముడు ఓనర్ని అడిగితే ఫ్లూయిడ్ మార్చినట్టు ఒక్క కాగితమూ లేదు. అరగంట నడిపి బండి బాగా వేడెక్కాక చూస్తే, సిగ్నల్ దగ్గర సన్నగా వణుకు తెలిసిందట. వదిలేశాడు. రెండు వారాల తర్వాత 58 వేల మైళ్లు తిరిగిన కరోలా దొరికింది, 31 వేల దగ్గర ఫ్లూయిడ్ మార్చిన రసీదుతో సహా. మొన్న శనివారం ఇద్దరం కలిసి వెళ్లి మళ్లీ మార్పించాం. మెకానిక్ పోసేముందు తమ్ముడు డబ్బా మీద పేరు చదివి, ఫోటో తీసుకుని, రసీదు పక్కన పెట్టి ఫోన్‌లో దాచుకున్నాడు.