బ్రౌన్ ఐలైనర్ పెన్సిల్: నెల్లూరులో ఏం కొనాలి, అక్కడికి పోయి ఏం కొనాలి

ప్రశ్న: అక్కా, మాది కోవూరు. ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వస్తున్నా. చిన్నప్పటినుంచీ కాటుక అలవాటు. నల్లది మధ్యాహ్నానికి కంటి కిందికి దిగి, రాత్రంతా నిద్ర లేనట్టు కనపడుతుంది. బ్రౌన్ పెన్సిల్ వాడమని అందరూ చెప్తుంటే ట్రంకురోడ్డులో రెండు కొన్నా. ఒకటి పెట్టుకుంటే పెట్టుకున్నట్టే లేదు. రెండోది పెట్టుకుంటే కళ్ళకలక వచ్చిందా అని మా పిన్నమ్మ అడిగింది. ఇక్కడే ఇంకోటి వెతుక్కోనా, అక్కడికొచ్చి కొనుక్కోనా? అసలు ఎట్టాంటిది చూడాలి?

జవాబు: అమ్మా, అమెరికా పోతూ కాటుక గురించి అడుగుతుందేందని ఎవరన్నా నవ్వితే నవ్వనీ. కంటికి కాటుక లేకుండా గడప దాటనివ్వని ఇళ్ళలో పెరిగాం మనం. కొత్త ఊళ్ళో, ముక్కూమొహం తెలీనోళ్ళ మధ్య, మొదటి నెలల్లో అద్దంలో మన మొహం మనకి కనపడితే ఎంత ధైర్యమో నాకు తెలుసు. మాది కావలి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో స్థిరపడ్డాం. ఏటా ఆగస్టులో దిగే పిల్లలు ముందు రూమూ, సిమ్మూ, సోనా మసూరి బియ్యం గురించి అడుగుతారు. అవన్నీ కుదిరాక తమకోసమని అడిగే మొదటి సంగతి ఇట్టాంటిదే ఉంటుంది. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నా.

నీ రెండు పెన్సిళ్ళూ ఎందుకు కుదరలేదో ముందు చూద్దాం. కంటి పెన్సిళ్ళలో బ్రౌన్ ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్ల నుంచి వస్తుంది. ఎరుపు, పసుపు, నలుపు, ఈ మూడింటి పాళ్ళు మారితే బ్రౌన్ మారిపోతుంది. పెట్టె మీద సన్నక్షరాల్లో సీఐ 77491, 77492, 77499 అని రంగుల నంబర్లుంటాయి చూడు, వరసగా ఎరుపు, పసుపు, నలుపు అవే. ఎరుపు పాలు ఎక్కువైతే రెప్ప అంచు ఎర్రబారినట్టు కనపడుతుంది, మీ పిన్నమ్మ చూసింది అదే. రంగు తేలిక చేయడానికి తెల్లటి టైటానియం డయాక్సైడ్, అంటే సీఐ 77891, ఎక్కువ కలిపితే బాగా తెల్లగా ఉండేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. మన చామనఛాయ రెప్ప మీద అది బూడిద రంగుకి తిరుగుతుంది, లేదంటే అసలు కనపడదు. నీ మొదటి పెన్సిల్ ఆ రకమై ఉండాలి. అయితే ఈ నంబర్లు చూసి పాళ్ళు తేల్చలేం. రంగుల్ని ఎక్కువ తక్కువల వరసలోనే రాయాలన్న నియమం లేదు, పైగా చాలా కంపెనీలు అన్ని షేడ్లకీ కలిపి ఒకే పట్టీ వేస్తాయి. గీసి చూసుకోవాల్సిందే.

గీసి చూడటానికీ ఒక పద్ధతుంది. మణికట్టు లోపలివైపు ఒక గీత గట్టిగా గీయి. దాని పక్కనే ఇంకోటి గీసి, ఆరకముందే వేలితో పక్కకి లాగు. మొదటి గీతని చూసి మోసపోబాకు. లాగిన గీత చివర ఎక్కడ పల్చబడిందో అక్కడ చూడు, దాని అసలు గుణం అక్కడ బయటపడుతుంది. ఇటికరాయి ఎరుపు తేలితే వదిలెయ్. ఊదా తేలినా వదిలెయ్. గ్లాసు అడుగున మిగిలిన డికాషన్ మరకలాగా, కొంచెం పసుపు పొడ ఉన్న ముదురు రంగు తేలితే అది మన ఒంటికి కుదిరే రంగు. ఇదంతా షాపు లైట్ల కింద తేల్చబాకు. చవక రకం ఎల్ఈడీ తెలుపులో ఎరుపు సరిగ్గా కనపడదు. మెట్లు దిగి పగటి వెలుగులోకి వచ్చి చెయ్యి చూసుకో. డాలస్‌లోనైనా అంతే, టెస్టర్‌తో, అంటే గీసి చూసుకోమని షాపులో పెట్టిన పెన్సిల్‌తో, గీసుకుని షాపు గుమ్మం దాకా నడువు, ఎవరూ ఏమీ అనుకోరు. టెస్టర్‌ని మాత్రం చేతి మీదే వాడు. ఎంతమంది కళ్ళకి తగిలిందో తెలీని ముక్కని కంటి దగ్గరికి పోనియ్యబాకు.

ఇంకో సంగతి. మనలో చాలామందికి రెప్పలు బుగ్గలకన్నా నల్లగా ఉంటాయి. మణికట్టు లోపలి తోలేమో ఒంట్లో తెల్లగా ఉండే చోటు. అక్కడ చక్కటి బ్రౌన్‌గా కనపడింది రెప్ప మీదికి పోయేసరికి మాయమవుతుంది. చేతి మీద "ఇది నలుపే గదా" అనిపించేంత ముదురు రకమే కంటి దగ్గర బ్రౌన్‌గా నిలుస్తుంది. షేడు పేర్లలో బ్లాక్ బ్రౌన్, ఎస్ప్రెస్సో, డార్క్ చాకొలేట్ అని ఉన్నవి ముందు చూడు. అర్బన్ డికే పెన్సిళ్ళలో విస్కీ అని ఒకటుంది, మెరుపు లేని ముదురు బ్రౌన్, నాకు తెలిసిన మన పిల్లలకి బాగా కుదిరింది. టోప్ అని రాసినవి మనకి బూడిదే. బ్రాంజు, కాపరు మెరుస్తాయి, పెళ్ళిళ్ళకి బాగుంటాయి గానీ పొద్దున ఎనిమిదింటి క్లాసుకి వద్దు. పేర్లు కూడా ఒక కంపెనీకీ ఇంకోదానికీ పొంతన ఉండవు, కాబట్టి పేరు చూసి చేతిలోకి తీసుకో, రంగు చూసి కొను.

కొత్తది కొనేముందు ఇంట్లోనే ఒక పని చెయ్యి. రెప్ప వెంట్రుకల మొదట్లో నీ పాత నల్ల పెన్సిల్‌తో సన్నగా గీసి, దాని మీద ఆ ఎర్ర బ్రౌన్ గీసి, దూదిపుల్లతో రెండూ కలిసేలా ఒత్తు. నలుపు కలిసేసరికి ఎరుపు అణిగి ముదురు బ్రౌన్ వస్తుంది. ఎంత నలుపు కలిస్తే నీ మొహానికి నప్పిందో చూసుకున్నావంటే, షాపులో దేనికోసం వెతకాలో నీ కంటికే తెలిసిపోతుంది. ఆ లేత పెన్సిల్‌ని పారేయబాకు, కనుబొమల్లో సందులు పూడ్చడానికి పనికొస్తుంది.

రంగు దొరికాక నిలవడం. ఇక్కడే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు. కాజల్ రకం పెన్సిళ్ళలో నూనెలు, మైనాలు ఎక్కువ. మెత్తగా, నల్లగా సాగుతాయి, ఒంటి వేడికి కరిగి కిందికి దిగుతాయి. రోహిణి కార్తెలో నెల్లూరు బస్టాండులో నిలబడితే ఏ కాజలూ ఆగదు, అది నీ తప్పు కాదు, దాని తయారీ అంతే. జెల్ పెన్సిళ్ళని, లాంగ్‌వేర్ అని అమ్మేవాటిలో ఐసోడోడెకేన్ లాంటి ఆవిరయ్యే ద్రావకం ఉంటుంది. గీసిన అర నిమిషంలో అది ఎగిరిపోయి రంగు పొరలాగా పట్టుకుంటుంది. పదార్థాల పట్టీలో ఆ పేరు మొదట్లోనే కనపడితే నిలుస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. వీటిని పల్చగా చెయ్యాలంటే ఆ అర నిమిషంలోనే చెయ్యాలి, తర్వాత కదలవు. మూత కటక్‌మనే దాకా వెయ్యకపోతే పెన్సిలే ఎండిపోతుంది. తియ్యడానికి నీళ్ళు చాలవు. దూదికి కొబ్బరి నూనె గానీ రిమూవర్ గానీ తడిపి, రెప్ప మీద కాసేపు ఆనించి, మెల్లగా కిందికి తుడువు, రుద్దబాకు.

డాలస్ ఆగస్టు మన ఎండల్లాగే మండుతుంది, కాబట్టి ఇక్కడా జెల్ రకమే. షికాగో, మినియాపొలిస్ వైపు పోయేవాళ్ళకి వేరే ఇబ్బంది. జనవరిలో బస్సు కోసం నిలబడితే చలిగాలికి కళ్ళ వెంట నీళ్ళు వాటంతటవే కారతాయి, లోపలికి పోతే హీటరుకి కళ్ళు ఎండిపోతాయి. వాళ్ళు కింద రెప్పని వదిలేసి పై రెప్పకి మాత్రమే గీసుకుంటే హాయి.

గీయడం పొడుగు గీతగా వద్దు. అద్దాన్ని గడ్డం కిందికి పెట్టుకుని కిందికి చూస్తే రెప్ప బిగుస్తుంది. వెంట్రుకల మధ్య సందుల్లో చుక్కలు పెట్టుకుంటూ పో, చివర్లో కలుపు. బ్రౌన్ అందం దూరం నుంచి గీతగా కనపడటంలో లేదు, వెంట్రుకలు ఒత్తుగా అనిపించడంలో ఉంది. చెక్క పెన్సిల్ అయితే చెక్కేముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు, మొన విరగదు. తిప్పే రకమైతే మొన చూపించేంత వరకే తిప్పు, కొన్నింటిలో బయటికొచ్చింది వెనక్కి పోదు.

రెప్ప లోపలి తడి అంచుకి గీసుకోవడం మనకి కాటుకతో వచ్చిన అలవాటు. అక్కడే కన్నీటికి నూనె ఊరే సన్నటి గ్రంథుల నోళ్ళుంటాయి, మైనం వాటిని మూసేస్తుంది. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో పరీక్షించి చూస్తే, తడి అంచున గీసిన లైనర్ బయట గీసినదానికంటే తొందరగా, ఎక్కువగా కన్నీటిలోకి చేరింది. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునే చదువు నీది, లెన్సులు కూడా పెట్టుకుంటే ఇంకా జాగ్రత్త. పొద్దున లెన్సులు ముందు, లైనర్ తర్వాత. రాత్రి లెన్సులు తీశాకే లైనర్ తుడవాలి.

ఇప్పుడు పెద్దవాళ్ళు బాధపడే మాట ఒకటి చెప్పాలి. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, ఆ మసికి వెన్న కలిపి భరిణెలో పెట్టిన కాటుక మీ అమ్మమ్మ ఎంతో ప్రేమతో ఇస్తుంది. దాని మీద నాకు చిన్నచూపు లేదు. కానీ అమెరికాలో మందుల మీద, సౌందర్య సాధనాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ. అది కోల్ అనే సంప్రదాయ కాటుకల్ని, సుర్మాని కంటి రంగులుగా ఒప్పుకోదు. కారణం సీసం. సుర్మాల్లో చాలా వరకు గలీనా అనే ఖనిజం ఉంటుంది, అది సీసం సల్ఫైడ్. దీపం మసి వేరే సంగతి, అది బొగ్గు జాతి. ఐలైనర్లలో కార్బన్ బ్లాక్ అనే ఆ జాతి నల్ల రంగుని 2004లో ఒప్పుకున్నారు, అయితే బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్ష చేసి సర్టిఫై చేసింది మాత్రమే. మన భరిణె ఆ లెక్కలోకి రాదు. పేరూ పట్టీ లేని డబ్బాలు, ఊళ్ళల్లో సీసాల్లో పోసి అమ్మే సుర్మా పెట్టెలో సర్దుకోబాకు. కాన్పులకని డాలస్ వచ్చే అమ్మలకి ఇదే మాట చేతులెత్తి చెప్తున్నా: సీసం పసిబిడ్డల మెదడుకి చేటు, ఇంత వరకు పరవాలేదు అనే హద్దు దానికి లేదు. దిష్టిచుక్క పెట్టాలనుకుంటే అరికాలికి పెట్టండి, అదీ కంపెనీ కాజల్‌తోనే. కంటికి వద్దు.

కాబట్టి నెల్లూరులో ఇంకో బ్రౌన్ కోసం తిరగాల్సిన పని లేదు. నీకు అలవాటైన కంపెనీ కాజల్ సీలు తియ్యనిది ఒకటీ, మంచి షార్పెనర్ ఒకటీ పెట్టుకో, మొదటి వారాలు గడుస్తాయి. పెన్సిల్ ద్రవం కాదు కాబట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నా విమానం దగ్గర ఆపరు. సీసాలో వచ్చే లిక్విడ్ లైనర్ మాత్రం 100 మిల్లీలీటర్ల లెక్కలోకి పోతుంది. బ్రౌన్ డాలస్ వచ్చాక కొను, ఎందుకంటే షేడ్లు ఎక్కువ, టెస్టర్లుంటాయి, వాడి చూసినదాన్ని కూడా వెనక్కి తీసుకునే షాపులున్నాయి. బిల్లు పారేయబాకు, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కొనేటప్పుడే అడుగు. ధర చీటీ మీద ఉన్నదానికి పన్ను అదనంగా పడుతుంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలే, ఆ డబ్బుకి ఖరీదైన పెన్సిల్ బరువే. మందుల షాపుల్లో, వాల్‌మార్ట్‌లో దొరికే మామూలు జెల్ పెన్సిళ్ళతో మొదలుపెట్టు. నా అనుభవంలో బ్రౌన్ విషయంలో ఎక్కువ ధరకి నిలవడం కంటే షేడ్ల ఎంపికే ఎక్కువ దొరుకుతుంది.

మీరు శాకాహారులైతే పట్టీలో కార్మైన్, లేదా సీఐ 75470, ఉందేమో చూడు. అది కోచినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు, కొన్ని బ్రౌన్లలో కలుపుతారు. 2011 నుంచి అమెరికాలో దాన్ని పేరుతో రాసి తీరాలి, కాబట్టి వెతికితే కనపడుతుంది.

కొన్నాక మూత తీసిన డబ్బా బొమ్మలో 6ఎమ్, 12ఎమ్ అని, అంటే తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో, ఎంత రాశారో చూసుకుని, తెరిచిన తేదీ చిన్న కాగితం మీద రాసి పెన్సిల్‌కి అంటించు. రూమ్మేట్లు అడిగితే మొహమాటపడకుండా కాదను, అన్నం పంచుకో గానీ కంటి పెన్సిల్ పంచుకోబాకు. నిజంగా కళ్ళకలకే వస్తే, తగ్గేదాకా ఏమీ పెట్టుకోకుండా ఉండి, అప్పటిదాకా వాడిన పెన్సిల్ ఎంత మిగిలున్నా పారేసి కొత్తది తెచ్చుకో.